మేక దొరికినంక కూడా కొట్టినమంటే అది కాపలా కాదు

ఇది కొంచెం పెద్ద పోస్టు. నేను చేసిన తప్పు గురించి రాస్తున్న, ఓపికగా చదవండి.

2018 ఎండాకాలం. ఇంటర్ పరీక్షలు రాసి వనపర్తి జిల్లాలోని మా తండాకు వచ్చిన. అంతకు నెల ముందే మా మేకలు రెండు పోయినయి. మా యాడి వాటిని అమ్మి నా డిగ్రీ ఫీజు కడదామనుకుంది. అవి పోయిన రోజు ఆమె అన్నం తినలేదు. ఆ కోపం నా కడుపులో ఉంది.

అప్పుడే ఫోన్లల్ల మెసేజ్‌లు మొదలైనయి. పార్ధీ గ్యాంగ్ దిగిందని, రాత్రిళ్లు ఇండ్లల్ల పడి చంపుతున్నరని. పోరగాళ్లం కట్టెలు పట్టుకొని గస్తీ తిరిగినం.

ఒక రాత్రి మా దొడ్డి దగ్గర అలికిడైంది. అరిచినం. ఒకాయన ఉరికిండు. వాగు దగ్గర పట్టుకొని తెచ్చి వేపచెట్టుకు కట్టేసినం. మొదటి దెబ్బ నాదే. "నీళ్లకొచ్చిన, నీళ్లకొచ్చిన" అంటనే ఉన్నడు. మా నాయక్ తాత వచ్చి మమ్మల్ని నూకేసి ఒకటే అడిగిండు: "మేకలన్నీ ఉన్నయా?" ఉన్నయి. "మరి ఎందుకు కొడుతుండ్రురా?"

ఆయన అమ్రాబాద్ దిక్కు పెంట నుంచి కూలికి వచ్చిన చెంచు మనిషి. బస్సు దొరకక నడుస్తూ, మేకల తొట్టిలో నీళ్లు తాగుదామని ఆగిండు. చెయ్యి విరిగింది. కేసు పెట్టలేదు.

ఆ రోజుల్లోనే గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు 400కు పైగా ఊళ్లల్ల డప్పులతో, పాటలతో తిరిగి ఆ మెసేజ్‌లు అబద్ధమని చెప్పిండ్రు. దేశంలో వేరే చోట్ల ఇవే పుకార్లతో మనుషుల్ని చంపిండ్రు. మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో 2018 జూలై 1న సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపిండ్రు. మా తండాకు ఆ పాట వచ్చేసరికి ఒక చెయ్యి విరిగిపోయి ఉంది.

తర్వాత లా చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. పార్ధీలు అంటే గ్యాంగ్ కాదు, మనలాంటి జాతి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన జాతుల్లో వాళ్లున్నరు. ఎరుకల, లంబాడా పేర్లు కూడా కొన్ని ప్రాంతాల్లో ఆ లిస్టులకు ఎక్కినయి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మన తాతల మీద వేసిన ముద్రనే నేను ఇంకొకరి మీద వేసి కట్టె ఎత్తిన.

"ఆయన అమాయకుడు గనుక తప్పు, నిజంగా దొంగైతే?" అని అడగొచ్చు. అసలు ప్రశ్న అదే. 2018 ఫిబ్రవరిలో కేరళ అట్టప్పాడిలో బియ్యం దొంగిలించిండని ఒక ఆదివాసీ యువకుడిని కట్టేసి కొట్టి చంపిండ్రు. 2023లో కోర్టు 14 మందిని దోషులన్నది. బియ్యం తీసిండా లేదా అన్నదాని మీద ఆ తీర్పు మారదు.

చట్టం మనల్ని చేతులు కట్టుకొని కూర్చోమనలేదు. సొత్తును కాపాడుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 35లో ఉంది. పొద్దుగూకినంక ఇంట్లోకి చొరబడినా, దోపిడీకి దిగినా, ఇంటికి నిప్పు పెట్టినా ఎదుటివాడి ప్రాణం పోయేదాకా కూడా ఆ హక్కు పోవచ్చని సెక్షన్ 41 చెప్తది. కానీ దానికీ సెక్షన్ 37 హద్దు ఉంది: ఆపడానికి ఎంత అవసరమో అంతే, దానికి మించి కాదు. పోలీసులను పిలిచే టైం ఉంటే ఆ హక్కే లేదు. సొత్తు మన చేతికి వచ్చినంక కూడా లేదు. కట్టేసినంక కొట్టే ప్రతి దెబ్బా మన మీద కేసే.

దొంగతనం మన కండ్ల ముందు జరిగితే పట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా, ఎంతైనా 6 గంటల లోపల పోలీసులకు అప్పజెప్పాలి. "స్టేషన్‌లో మేకల కేసు ఎవడు రాసుకుంటడు?" అంటరు. ఆ బాధ నాకూ తెలుసు. మా మేకలకు కూడా ఎవరూ రాసుకోలేదు. రాసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇయ్యాలి.

పోయిన నెల మా తండాలో బోరు మోటరు వైరు కోస్తున్నోడు దొరికిండు. తమ్ముళ్లు కట్టెలెత్తిండ్రు. నేను అడ్డం నిలబడ్డ. కూర్చోబెట్టి నీళ్లిచ్చి 100కు ఫోన్ చేసినం. రెండు గంటలకు వచ్చిండ్రు. "రేపు బెయిల్ మీద వస్తడన్నా" అన్నడు ఒక తమ్ముడు. రావొచ్చు. కానీ మా తమ్ముళ్లల్ల ఒక్కడి మీద కూడా కేసు లేదు, ఎవరి చెయ్యీ విరగలేదు.

ఆ చెంచు అన్న పెంట ఎక్కడో నాకు తెలుసు. ఇన్నేండ్లయినా పోయి ముఖం చూపలేదు. ఈ దసరా సెలవుల్లో పోదామనుకుంటున్న. అమ్రాబాద్ దిక్కు తమ్ముళ్లు ఎవరన్నా నాతోని వస్తరా?