కాట్పాడి దారిలో ఒక మార్గబంధువు

కాట్పాడి అంటే దిగి వేరే బండి పట్టుకొనే ఊరని చాలామంది అభిప్రాయం. మదరాసు–బెంగుళూరు దారికి, తిరుపతి వైపు పోయే దారికి, వేలూరు కంటోన్మెంటు మీదుగా విల్లుపురం వెళ్ళే దారికి ఇది కూడలి. ఇక్కడే దిగిపోయే తెలుగువారు ముఖ్యంగా రెండు రకాలు. 1984లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై నేడు విశ్వవిద్యాలయమైన వి.ఐ.టి.కి వచ్చే విద్యార్థులు ఒకరు. 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒక్క పడకతో ప్రారంభించిన సి.ఎం.సి. వంటి ఆసుపత్రులకు వచ్చే రోగులూ, వారి వెంట వచ్చే బంధువులూ రెండవవారు. ఈ రెండవవారికి ఉన్న పని ఒక్కటే, ఎదురుచూడటం. దానికి ఏదో ఒక తోడు కావాలి. అటువంటి తోడు ఒకదానిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

గడచిన వేసవిలో మా బావగారికి వేలూరి ఆసుపత్రి ఒకదానిలో ఆపరేషను జరిగినది. అక్క ఆయన దగ్గర ఉండిపోగా, పద్నాలుగేండ్ల మేనల్లుడు మూడు వారాలు మా యింట ఉన్నాడు. వాడి చేతిలో ఎప్పుడూ మడిచి జేబులో వేసుకొనే చిన్న పెట్టె ఒకటి. నింటెండో అనే జపాను కంపెనీ 2003లో తెచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్.పి. అది. అమెరికాలో ఉన్న పినతండ్రి చిన్నతనంలో తాను ఆడుకొన్నదానిని వీడికి ఇచ్చినాడట. లోపలి ఆట పేరు ఫైర్ ఎంబ్లెమ్. ఆ వరుసలో మొదటి ఆట జపానులో 1990లోనే వచ్చినా, ఇతర దేశాలకు 2003లో గాని చేరలేదు.

ఇది చకచకా మీటలు నొక్కి గెలిచే ఆట కాదు. చదరంగం వలె గళ్ళు ఉంటాయి. మన మనుషులనందరినీ ఒక్కొక్కరిగా నడిపి, చాలు అన్న తరువాతనే ఎదుటిపక్షం వంతు వస్తుంది. గొడ్డలిని కత్తి గెలుస్తుంది, కత్తిని ఈటె గెలుస్తుంది, ఈటెను గొడ్డలి గెలుస్తుంది. అడవి గడిలో నిలిచినవాడికి దెబ్బ తగలటం తక్కువ. ఆయుధాలు వాడగా వాడగా విరిగిపోతాయి కనుక ఎవరి దగ్గర ఎంత మిగిలినదో చూసుకొంటూ ఉండాలి. దినమంతా జమాఖర్చులు వ్రాసే మాకు ఆ లెక్క చాలా యింపుగా తోచినది.

సాయంత్రం రోగులను చూడనిచ్చే వేళదాకా వాడిని వేలూరు కోటకు తీసుకొని పోయేవారము. పెనుగొండ, చంద్రగిరుల తరువాత అరవీటి రాయలకు రాజధానియైన ఊరిది. నీళ్ళ కందకం, రాతి గోడలు, లోపల జలకంఠేశ్వరుని ఆలయం. చాలాకాలం మూర్తి లేక ఉన్న ఆ గుడిలో 1981లో లింగాన్ని తిరిగి నిలిపినారు. మేనల్లుడు మాత్రం గోడ ఎక్కగానే, "ఇక్కడ ఇద్దరిని నిలబెడితే చాలు మామా, ఎంతమంది వచ్చినా ఆగిపోతారు" అని ద్వారం వైపు చూపించినాడు. 1806 జూలై 10వ తేదీన ఇదే కోటలో సిపాయిలు తిరగబడి తెల్లవారేసరికి కోటను చేత చిక్కించుకొన్నారు. సుమారు 16 మైళ్ళ దూరంలోని ఆర్కాటునుంచి గిలెస్పీ అనే అధికారి గుర్రపు దండుతో పరుగున వచ్చి, ఫిరంగులతో ద్వారం బద్దలుకొట్టించి, ఆ ఉదయమే దానిని తిరిగి పట్టుకొన్నాడు. ఈ సంగతి చెప్పగా వాడు చాలాసేపు ద్వారాన్నే చూస్తూ, "వాళ్ళకు ఇంకొక వంతు దొరికి ఉంటే!" అన్నాడు. పాఠశాలలో చరిత్ర చదివినప్పుడు మాకు ఎన్నడూ తోచని మాట అది.

ఇక ఈ ఆటలోని చిక్కులు రెండు. మొదటిది అదృష్టం. దెబ్బ వేయబోయే ముందు అది నూటికి ఎన్ని పాళ్ళు తగులుతుందో తెర మీద కనబడుతుంది. 90 అని చూపినది తప్పిపోతే ఆడేవాడి బాధ చెప్పనలవి కాదు. తమాషా ఏమిటంటే, ఈ ఆట లోపల రెండు అంకెలు తీసి వాటి సగటును చూస్తుంది. అందువల్ల 90 అని చూపిన దెబ్బ నిజానికి నూటికి 98 సార్లు తగులుతుంది, 10 అని చూపినది 2 సార్లే తగులుతుంది. మనవాడు బలవంతుడైతే యంత్రం చెప్పినదానికంటె మేలే చేస్తుందన్నమాట. అయినా గుర్తుండేవి తప్పిపోయిన ఆ రెండే. డాక్టరుగారు మా అక్కతో నూటికి తొంభై పాళ్ళు భయం లేదని అన్న మాట వీడి చెవిన పడినది. రాత్రి పడుకొనేముందు, "తొంభై తప్పిపోవటం నేను చాలాసార్లు చూసినాను మామా" అన్నాడు. ఏమని చెప్పగలము? దీపం ఆర్పి, వాడు నిద్రపోయేదాకా పక్కనే కూర్చొన్నాము.

రెండవ చిక్కు మరీ కఠినం. ఈ ఆటలో చనిపోయినవాడు తిరిగి రాడు. ప్రతి సైనికుడికీ ఒక పేరు, ఒక ముఖం, ఒక కథ. ఒక్కడు పడిపోతే చాలు, మేనల్లుడు స్విచ్చి ఆపి ఆ యుద్ధం మొదటినుంచి ఆడేవాడు. గంటసేపు చేసిన పని గంగలో కలిసేది. 2010లో ఈ వరుసలో పడిపోయినవారు తరువాతి యుద్ధానికి లేచి వచ్చే సదుపాయం కూడ వచ్చినది. అది పెట్టుకోరాదా అంటే, "అప్పుడు ఇంక కాచుకొనేది ఎందుకు?" అన్నాడు.

ఆపరేషనుకు ముందటి ఆదివారం వాడిని గుడియాత్తంలోని మా మేనత్త యింటికి తీసుకొని పోయినాము. ప్యాసింజరులో లత్తేరి దాటేవరకు యుద్ధం సాగుతూనే ఉన్నది. బండి దిగేటప్పుడు పెట్టె మూసి ఆపివేసినాడు. తిరిగి తెరిస్తే ఎక్కడ ఆపినాడో అక్కడనుంచే సాగుతుంది. ప్రయాణీకులకు ఇంతకంటె అనుకూలమైన ఆట ఉండదు. ఆ చుట్టుపక్కలనే విరించిపురంలో శివునికి మార్గబంధువని పేరు. దారిలో తోడు ఉండేవాడని అర్థం.

గుడియాత్తం లుంగీలకు ప్రసిద్ధి. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజుగారిని ఉపయెన్నికలో శాసనసభకు పంపిన ఊరు కూడ ఇదే. మా అత్తయ్య వాడి పెట్టెను తిప్పి తిప్పి చూసి, అరుగు మీద సుద్దతో పులిజూదం గీసినది. అరవవారు ఆడుపులి ఆట్టం అనేదీ ఇదే. ఇరవైమూడు చోట్లు, మూడు గవ్వలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని తింటుంది. మేకలు చంపలేవు. పులులకు కదిలే చోటు లేకుండా ముట్టడించటమే వాటి గెలుపు. మేకలన్నీ దిగేదాకా ఒక్కటీ కదలరాదు. అత్తయ్య మేకలు పట్టి, ఒకదానిని కావాలని పులి నోటికి ఇచ్చి, ఆ పులినే మూలకు ఇరికించి గెలిచినది.

"ఆ మేకకు పేరు లేదు గదా అవ్వా. అందుకే ఇచ్చేసినావు" అన్నాడు వాడు.

అత్తయ్య గింజలు ఏరుకొంటూ, "పేరున్నవాణ్ణి ఇయ్యమని ఎవరు చెప్తారు నాయనా? కూర్చొని ఆలోచించు. నీ వంతు ఎవరు లాక్కొంటారు?" అన్నది.

ఆపరేషను రోజున ఆసుపత్రి వసారాలో వాడు పెట్టె తెరిచి ఒక్క వంతు మీద గంటసేపు కూర్చొన్నాడు. పెట్టె వాడిని తొందర పెట్టలేదు, మేమూ పెట్టలేదు. మధ్యాహ్నం డాక్టరుగారు బయటికి వచ్చి భయం లేదని చెప్పినారు. మరి పది దినాలకు బావగారు తన కాళ్ళతో నడిచి కాట్పాడిలో బండి ఎక్కినారు.

మన యిండ్లలో పిల్లల చేతిలో ఇటువంటి పెట్టె కనబడితే వెంటనే లాక్కోవద్దని పాఠకులకు మనవి. భోజనానికి పిలవవచ్చు, చదువుకు పిలవవచ్చు, తప్పక పిలవాలి కూడా. అయితే ముందు పక్కన కూర్చొని, ఆ మనుషుల పేర్లు ఏమిటి, ఇప్పుడు ఎవరి వంతు అని అడిగి చూడండి. వాళ్ళు సంతోషంగా చెప్తారు.