కర్పూరం ఎక్కడికి పోతుంది?

మా మనవడికి పదకొండేళ్ళు. వాడికి ప్రశ్నలు వేసే జబ్బు ఉంది. ఉంది అంటున్నాను గాని, కిందటి ధనుర్మాసంలో ఆ జబ్బు నా చేతిమీదుగా కుదిరిపోబోయింది. ఆ సంగతి చెప్పుకుంటే గాని నా మనసు తేలికపడదు.

ఆ పొద్దున వాడు పాఠం వల్లెవేస్తున్నాడు. ఘన, ద్రవ, వాయు స్థితులు. అంతలో మా ఆవిడ వాడి ముందు అన్నమూ, నేతిగిన్నే పెట్టింది. చలికి నెయ్యి పూసకట్టి, పైన కాస్త తేటగా నిలిచి ఉంది. వాడు గిన్నెలోకి వంగి చూసి, "తాతయ్యా, ఇది ఘనమా, ద్రవమా?" అన్నాడు.

నేను పేపరులోంచి తల ఎత్తకుండానే, "పుస్తకంలో ఉన్నది చదవరా, నెయ్యి సంగతి నీకెందుకు?" అన్నాను.

వాడు మారు మాట్లాడకుండా తినేసి బడికి పోయాడు. వాడు పోయాక గాని నాకు తట్టలేదు, ఆ గొంతు నాది కాదు. అరవై ఏళ్ళ కిందటి మా మాస్టారిది. ఘనపదార్థం కరిగి ద్రవమూ, ద్రవం మరిగి వాయువూ అవుతాయని ఆయన చెబుతుంటే నేను లేచి, "మరి కర్పూరం కరగకుండానే తరిగిపోతుంది గదండీ, ఎక్కడికి పోతుంది?" అన్నాను. మా అమ్మ దేవుడి గూట్లో పెట్టిన బిళ్ళలు, మూత సరిగ్గా లేకపోతే రోజురోజుకీ చిక్కిపోవడం నేను చూస్తుండేవాణ్ణి.

"నీ బుర్రలోకి" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. గంట కొట్టిందాకా బెంచీ మీద నిలబడ్డాను. మనిషి మంచివారే సుమండీ, నా చేతిరాత దిద్దింది ఆయనే. కాని ఆ తరువాత నేను ఏ క్లాసులోనూ చెయ్యెత్తలేదు. ముప్ఫయ్యారేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టాను, అక్కడా ఎత్తలేదు.

సాయంత్రం వాడు వచ్చేసరికి వంటింట్లో దుకాణం పరిచాను. మా ఆవిడ జాలిపడి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చిచ్చింది. అది 35 డిగ్రీలకు కిందా, 42కు పైనా ఎరగదని నచ్చచెప్పాను. అప్పటికే సైన్సు సామాన్ల కొట్లో 110 డిగ్రీలది కొనుక్కొచ్చాను లెండి.

గిన్నెలో పావుకిలో ఐసుముక్కలు, కింద సన్నటి మంట. నేను కలుపుతున్నాను, వాడు గడియారం చూసి రాస్తున్నాడు. మంట మండుతూనే ఉంది. ఎర్రగీత మాత్రం సున్నాను అంటిపెట్టుకుని కూర్చుంది. తొమ్మిది నిమిషాలు! చివరి ముక్క కరిగాక గాని పైకి లేవలేదు.

"ఇంతసేపూ వేడి ఎక్కడికి పోయింది తాతయ్యా?"

అమ్మయ్య, నోరు విప్పాడు.

1760 ప్రాంతాల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్‌కూ ఈ అనుమానమే వచ్చింది. కరగడానికి ఖర్చయిన వేడి థర్మామీటరుకు కనబడదని తేల్చాడు. మన పుస్తకాల్లో దాన్నే గుప్తోష్ణం అంటారు. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. గ్రాము మరుగునీరు ఆవిరి కావడానికి సుమారు 540. మరుగునీటికన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుందని, ఇడ్లీపాత్ర మూత తీసే ఇల్లాలికి బ్లాకు వచ్చి చెప్పక్కర్లేదు.

మా నీళ్ళు మరిగేందుకు మరో పన్నెండు నిమిషాలు పట్టింది. పూర్తిగా ఆవిరయ్యేందుకు లెక్కప్రకారం ఇంకో గంట. "గ్యాసుబండ మీ బ్లాకు తెచ్చిస్తాడా?" అని మా ఆవిడ పొయ్యి ఆర్పేసింది.

నెయ్యి సంగతీ తేల్చుకున్నాం. అది ఒక్క పదార్థం కాదు, రకరకాల కొవ్వుల కలగలుపు. ఒక్కొక్కటి ఒక్కొక్క వేడికి కరుగుతుంది. అందుకే సగం పూస, సగం తేట. పొద్దున వాడడిగింది ఎంత మంచి ప్రశ్నో చూశారా!

ఇక మిగిలింది నా ప్రశ్న. గాజుగ్లాసులో రెండు కర్పూరం బిళ్ళలు వేసి, ఆ వేడినీళ్ళలో నిలబెట్టి, పైన స్టీలు మూతా, మూత మీద ఐసూ పెట్టాం. (మంట దగ్గర మాత్రం చేయకండి, కర్పూరం భగ్గుమంటుంది.) అరగంట ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. ఆ అరగంటలో బెంచీ సంగతి వాడికి చెప్పాను.

"ఏడ్చావా?" అన్నాడు.

"ఇంటికొచ్చాక" అన్నాను. ఆ మాట మా ఆవిడక్కూడా ఎన్నడూ చెప్పలేదు.

మూత తీశాం. అడుగున నూగులాగా తెల్లగా, దీపం కింద మిలమిలమంటూ కర్పూరం! కరగలేదు, గాలిలో కలిసింది. చల్లదనం తగలగానే మళ్ళీ గట్టిపడింది. దీన్ని ఉత్పతనం అంటారు. నా కర్పూరం ఎక్కడికి పోయిందో అరవై ఏళ్ళకు దొరికింది. వేలితో గీకి వాసన చూశాను. అమ్మ గుర్తొచ్చింది.

దీపాలవేళ మా ఆవిడ హారతికని బిళ్ళల కోసం గూడంతా వెతికి, సంగతి గ్రహించి, మా ఇద్దరినీ ఓ చూపు చూసి, మూత అడుగున ఉన్నదే చెంచాతో గీకి పళ్ళెంలో వెలిగించింది. నేను కళ్ళకద్దుకున్నాను. వాడు అద్దుకోలేదు. పళ్ళెం దగ్గరగా వంగి చూస్తున్నాడు.

"తాతయ్యా, మరి మంట ఏ స్థితి?"