కర్త లేని వాక్యం

‘మూసీ కలుషితమైంది’ అంటాం, దానంతట అదే అయినట్టు. ఈ వాక్యం నాకు మింగుడుపడదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన నీరు తనంతట తాను నల్లబడలేదు. హైదరాబాద్ నగరం మురుగునూ, కార్ఖానాల వ్యర్థాలనూ వదిలి మనమే దాన్ని కలుషితం చేశాం. ఇలా కర్తను పెట్టి రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

కార్ఖానాల వ్యర్థాలు ఎలాంటివో తెలియాలంటే పటాన్‌చెరు సంగతే చూడండి. మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ మాత్ర వేసుకున్న రోగి నెత్తుటిలో కూడా అంత ఉండదు. పైగా అది శుద్ధి చేశాక వదిలిన నీరు! అందులో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవులు రేపు మన ఒంట్లో చేరితే ఏ మందు వాడతాం?

మూసీ దిగువన రైతులు మనం కలుషితం చేసిన నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, కాలవలో వచ్చేది అదే. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. అక్కణ్నుంచి ఈ కాలుష్యం రెండు రాష్ట్రాల సమస్య.