చెరువు గడ్డకట్టిన రాత్రి

డిసెంబర్‌లో నేనూ, నా రూమ్మేటూ కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లాం. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ అనే ఊళ్లో నడక మొదలు. పైన్ చెట్ల మధ్య కొన్ని గంటలు ఎక్కితే జుడా కా తలాబ్ వస్తుంది. శివుడి జడల్లోంచి జారిన నీటి బొట్లతో ఏర్పడిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎత్తు దాదాపు 2,700 మీటర్లు. మేం వెళ్లేసరికి చెరువు పైనంతా గాజుపలకలా గడ్డకట్టేసింది.

విజయవాడ ఎండల్లో పెరిగినవాడికి ఇంకేం కావాలి! ఫొటోలే ఫొటోలు. ఏడింటికల్లా 60 శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ కాస్తా ఆగిపోయింది. చలికి బ్యాటరీ అంతేనట. ‘స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకో’ అన్నాడు గైడ్.

అర్ధరాత్రి ‘ఠంగ్’మని చప్పుడు. చలి పెరిగేకొద్దీ మంచు పలక బిగుసుకుని పగుళ్లిస్తుంది కదా, అదీ. పక్కన వాడూ మేలుకునే ఉన్నాడు.

‘‘తల పగిలిపోతోందిరా.’’

‘‘ఎప్పట్నుంచి?’’

‘‘మధ్యాహ్నం నుంచి.’’

రెండు నెలలుగా నేను ఈ ట్రిప్ గురించే ఊదరగొడుతున్నా కదా, పాడు చేయడం ఎందుకని చెప్పలేదట. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. గైడ్ వచ్చి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడకపోతే ఇలాగే అవుతుందన్నాడు. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా రావచ్చు, రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకి కూడా. తగ్గకుండా ఇంకా పైకెక్కితే ప్రాణం మీదకొస్తుంది. తెల్లారేదాకా చూసి, అప్పటికీ తగ్గకపోతే కిందికే.

నిజం చెప్తున్నా, ఆ రాత్రి నేను ఎక్కువగా ఆలోచించింది వాడి గురించి కాదు. 3,800 మీటర్ల శిఖరం, దాని మీద సూర్యోదయం, ముందే రాసిపెట్టుకున్న రీల్ క్యాప్షన్! హెల్పర్‌ని తోడిచ్చి వాణ్ని కిందికి పంపేస్తే నేను పైకెళ్లొచ్చు కదా? తెల్లారేదాకా ఇదే లెక్క.

పొద్దున్నే వాడే అన్నాడు, ‘‘నువ్వెళ్లరా, నాకేం కాదు’’ అని. అంటూనే షూ లేసులు కట్టుకోబోయి కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఇక మాట్లాడకుండా వాడి బ్యాగు కూడా తగిలించుకున్నా. మిగతా జట్టు చెరువు దాటి పైకెళ్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఈ సంగతి వాడికి ఇప్పటికీ తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

సాంక్రీ చేరేసరికి తలనొప్పి మాయం. ఆకలేస్తోందంటూ ధాబాలో నాలుగు పరాఠాలు లాగించాడు. బిల్లు మాత్రం నాతోనే కట్టించాడు.