మూడు షిఫ్టుల పళ్లెం

జైపూర్,
దసరా వెళ్లిన ఆదివారం

వదినా,

ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పేదాన్ని. మీ అన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పక్క గదిలో పడుకున్నాడు, గొంతు పెంచితే లేస్తాడని పెట్టేశాను. పైగా ఇది ఫోన్లో తేలే ముచ్చట కాదు. నెలలో పది కిలోలు తగ్గించే పొడి ఒకటి ఉందట, తెప్పించుకోనా అని అడిగావు. వద్దు అని ఒక్క మాటంటే నువ్వు వింటావా? వద్దన్న పనినే ముందు చేసే మనిషివి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. ఒళ్లో సకినాల డబ్బా మాత్రం పెట్టుకోకు.

ఇక్కడి ముచ్చట్లు ముందు. పండుగకు ముందే బొగ్గు గనుల కంపెనీ లాభాల వాటా పడ్డది. ఇక చెప్పేదేముంది, మన వీధి పొడుగునా మసాలా వాసనే. పవర్ ప్లాంటు దిక్కు పనులు నడుస్తూనే ఉన్నాయి, లారీలు ఎక్కువైనయి. సద్దుల బతుకమ్మ నాడు నువ్వు లేని లోటు బాగా తెలిసింది. పాట ఎత్తుకునేదానివి నువ్వే కదా, నీ చోట్లో ఇప్పుడు మూలింటి అత్తమ్మ ఎత్తుకుంటున్నది. మోకాళ్ల నొప్పులని ఏడాదంతా గడప దాటని మనిషి తొమ్మిది రోజులూ వంగి, చప్పట్లు కొట్టి, లేచి, అడుగు వేసి, వలయం మొత్తం తిరిగింది. పదో రోజు నుంచి మళ్లీ మంచమెక్కబోతుంటే మేం పట్టుకున్నాం. ఇన్ని రోజులు సాయంత్రం ఏ వేళకు ఆకిట్లో కలిసినమో అదే వేళకు కలుద్దాం, ఆడే బదులు నడుద్దాం అన్నాం. వస్తున్నది వదినా! ముందు కాసేపు, ఆగి, మళ్లీ కాసేపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలంటుంది, మాట్లాడగలిగేంత కానీ కాస్త ఆయాసం తెలిసేంత. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. బతుకమ్మ నాళ్లలో మనం దాన్ని రెండు సాయంత్రాల్లోనే దాటేస్తాం. ఒళ్లు చేయలేక కాదు, కలిసే వేళ ఒకటి లేక మిగతా ఏడాది కూర్చుంటున్నాం.

ఇంటి పనంతా నేనే చేస్తున్నా కదా, అది చాలదా అంటావు. కొంత లెక్కలోకి వస్తుంది, కాదనను. కానీ రోలు పోయింది, బావి పోయింది, బట్టలు మిషన్ ఉతుకుతున్నది. మన అత్తలు చేసిన ఇంటి పని వేరు, మనం చేసేది వేరు. ఇక నడక ఎక్కడంటావా? చెన్నూరు రోడ్డు మీద కాదు. బొగ్గు లారీల వెనక దుమ్ము పీలుస్తూ నడిస్తే వచ్చే మేలు కంటే కీడే ఎక్కువ. మేం లోపలి వీధుల్లోనే తిరుగుతున్నాం. ఎండాకాలం మన దిక్కు 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు తెల్లవారక ముందుకు మార్చుకోవాలి.

అసలు మాట తిండిది. మా మామ సంగతి నీకు తెలుసు. తట్టా, చెమ్మాస్ పట్టి గని లోపల టబ్బులు నింపిన మనిషి. షిఫ్టు దిగి వచ్చాక ఆయన పళ్లెంలో మా అత్తమ్మ పెట్టే అన్నం కుప్ప చూస్తే కొత్త కోడలిగా నాకు భయమేసేది. అది ఆయన ఒంటికి సరిపోయేది, పొట్ట మీద ఒక్క ముడత ఉండేది కాదు. ఇప్పుడు మీ అన్న ఓసీపీలో, అదే ఓపెన్ కాస్ట్ గనిలో, డంపర్ నడుపుతాడు. ఎనిమిది గంటలూ సీట్లోనే. భూగర్భ గనుల్లోనూ ఎస్‌డీఎల్ యంత్రాలే బొగ్గు ఎత్తిపోస్తున్నాయి, చాలా చోట్ల దిగడానికీ ఎక్కడానికీ మనుషులను మోసే మ్యాన్ రైడింగ్ వచ్చింది, నడక కూడా తగ్గింది. పని మారింది కానీ మా ఇంట్లో పళ్లెం మామదే, దాన్ని కొడుక్కి పెడుతున్నాం.

లెక్క చెబుతాను, విను. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం బరువు పని చేసే మగమనిషికి రోజుకు 3470 కిలో కేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే మగమనిషికి 2110 చాలు. మధ్యలో తేడా 1360. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 ఉంటాయి, అంటే రోజుకు సుమారు నాలుగు వందల గ్రాముల బియ్యం తేడా! మామకు అవసరమైన ఆ బియ్యం కొడుకు పొట్ట మీద చేరుతున్నది. ఇక ఎక్కువగా కూర్చునే ఆడమనిషికి 1660 చాలట. మనిద్దరం ఎంత తింటున్నామో లెక్కేసుకో, నేను వేసుకున్నాను.

అన్నం మానేయమంటావా అని కోపం తెచ్చుకోకు. మానమనడం లేదు. ఆ మధ్య అన్నం పూర్తిగా వదిలి నూనెలూ కొవ్వులూ తాగిన వాళ్లను మన వీధిలోనే చూశాం. తగ్గారు, పండుగ రాగానే మళ్లీ పెరిగారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది చాలా మామూలు మాట. మనకు రోజంతటి శక్తిలో సగం నుంచి 70 శాతం దాకా బియ్యం, గోధుమల నుంచే వస్తున్నది, దాన్ని 45 శాతానికి దించండి, ఆ చోట్లో పప్పులు, కూరగాయలు, పాలు, పల్లీల వంటివి పెట్టండి అన్నారు. 2000 కిలో కేలరీల తిండికి వాళ్ల లెక్క ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఉప్పు అయిదు గ్రాములు దాటొద్దు. నువ్వు పెట్టే మామిడికాయ తొక్కు గుర్తొచ్చి ఇక్కడే ఆగుతున్నాను, దాని మీద వేరే ఉత్తరం రాయాలి.

నాలుగు వందల గ్రాముల కూరగాయలు ఎవరు తింటారమ్మా అంటావు. మనం తింటూ వచ్చినవే కదా వదినా? పుంటికూర పప్పు, తోటకూర, బచ్చలి, సొరకాయ, బీరకాయ. మన దగ్గర జరిగింది ఏమిటంటే కూర అన్నం తడపడానికే మిగిలింది. నేను వంట మార్చలేదు, వడ్డించే వరస మార్చాను. ముందు కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. అలా తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవదని పరిశోధకులు చూశారు. పైగా అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆకలి సగం తీరి ఉంటుంది. మీ అన్న మొదట్లో గొణిగాడు, ఇప్పుడు తనే కూర గిన్నె దగ్గరికి లాక్కుంటున్నాడు. రాత్రికి జొన్న రొట్టె. అయితే జొన్నలు కదా అని నాలుగు రొట్టెలు తింటే లెక్క మళ్లీ మామూలే. జొన్నల్లో పీచు ఎక్కువ, కేలరీలు మాత్రం బియ్యంతో సమానం.

నువ్వున్న చోటే మంచి తిండి ఉంది, నీ కంటికి ఆనడం లేదు. ఒడిశాలోని అంగుల్ దాకా పోయి జైపూర్ పచ్చళ్లు తెప్పించుకోవడం సరే, దాల్మా నేర్చుకున్నావా? పప్పులో గుమ్మడికాయ, వంకాయ, అరటికాయ, ములక్కాయ అన్నీ వేసి ఉడికించి చివర చిన్న తాలింపు పెడతారు. పప్పూ కూరగాయలూ ఒకే గిన్నెలో, నూనె బహు తక్కువ. పోషకాహార సంస్థ వాళ్లు చెప్పిన పళ్లెంలో సగం అందులోనే ఉంది. వాళ్ల పఖాళ మన సద్దన్నమే, పక్కన ఆకుకూర, చేప పెట్టుకుంటారు. సాయంత్రాల బజ్జీల కోసం నువ్వు వెతుక్కుంటున్నావని మీ చిన్నది చెప్పింది. ఉడికించిన అలసంద గుడాలు చేసి పెట్టు, అదీ అడుగుతుంది.

ఇక మన కష్టం ఎవరికీ పట్టనిది ఒకటుంది. వేళకు తినండి అని అందరూ చెబుతారు. ఏ వేళకు? వారానికోసారి షిఫ్టు మారే ఇంట్లో వేళ అంటే ఏది? ఏడింటి షిఫ్టు వారం మనవాళ్లు టీ తాగి పరుగెత్తుతారు, నడుమ క్యాంటీన్‌లో పూరీ తింటారు, మూడున్నరకు ఇంటికొచ్చి ఆవురావురుమని తిని పడుకుంటారు. రెండో షిఫ్టు వారం రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరి అప్పుడు తింటారు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఎనిమిదింటికి పిల్లలతో ఒకసారి తింటాం, మళ్లీ ఆయన ఒక్కడే ఎలా తింటాడని పక్కన కూర్చుని ఇంకో ముద్ద, పిల్లల గిన్నెలో మిగిలింది ఇంకో ముద్ద. బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదన్నావే, అక్కడి నుంచి వచ్చింది. తోడు కూర్చోవడం మానకు వదినా, రోజంతా మొహాలు చూసుకునేది ఆ ఒక్క గంటే. చేతిలో సల్ల గ్లాసు పట్టుకుని కూర్చో.

నేను చేసింది ఏమంటే గడియారాన్ని పక్కనపెట్టి షిఫ్టును బట్టి తిండి కట్టాను. పొద్దు షిఫ్టుకు డబ్బాలో జొన్న రొట్టె, పప్పు, ఉడికించిన గుడ్డు. గనిలో నడుమ తింటాడు కాబట్టి మూడున్నరకు మామూలుగా తింటున్నాడు. రెండో షిఫ్టుకు రాత్రి భోజనమే డబ్బాలో వెళ్తుంది, ఏడెనిమిది గంటల మధ్య అక్కడే తినేస్తాడు, ఇంటికొచ్చాక సల్ల. నైట్ షిఫ్టుకు తొమ్మిదింటికి తినిపించి పంపుతాను, అర్ధరాత్రి నిండు భోజనం వద్దన్నాను. ఆకలేస్తే గుప్పెడు పల్లీలు. పొద్దున్నే వచ్చాక కొంచెం తిని నిద్ర. ఎందుకింత పట్టు అంటావా? రాత్రివేళ మన ఒంటికి చక్కెరను అదుపు చేసే శక్తి తగ్గుతుంది. 2021లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు కొంతమందిని నైట్ డ్యూటీ చేసేవాళ్లలా రాత్రి మేల్కొలిపి చూశారు. రాత్రి తిన్నవాళ్లకు చక్కెర పెరిగింది, పగలు మాత్రమే తిన్నవాళ్లకు పెరగలేదు. చూసింది పందొమ్మిది మందినే, చిన్న పరీక్ష. అయినా మన ఇళ్లల్లో కనిపించేదానికి అది దగ్గరగానే ఉంది. ఈ దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని 2023లో లెక్క తేలింది. మన బొగ్గుబావుల వీధుల్లో ఏ ఇంటి తలుపు తట్టినా గోలీల డబ్బా కనిపిస్తుంది.

ఇప్పుడు నీ పొడి సంగతి. వారానికి అర కిలో తగ్గడం క్షేమం అని పోషకాహార సంస్థ మాట. నెలకు రెండు కిలోలు. నీకది నచ్చదు, తెలుసు. డిసెంబరులో పెళ్లి ఉంది, కొత్త చీర ఉంది. కానీ నెలకు పది కిలోలు తగ్గాలంటే కడుపు మాడ్చుకోవాలి, అలా మాడిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ఆ తర్వాత మళ్లీ తినడం మొదలెట్టగానే పెరుగుతావు. పొడి డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు? తూకం మిషన్ మీద రోజూ ఎక్కి దిగులుపడకు. నడుం కొలుచుకో. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి. చేతి గాజులకు ఇచ్చే శ్రద్ధలో సగం ఆ టేపుకు ఇవ్వు.

సకినాలు మానేశావా అని అడగబోతున్నావు కదా? మానలేదు. సంక్రాంతికి చేస్తాను, పంచుతాను, తింటాను, నువ్వొస్తే నీకూ పెడతాను. పండుగ అయిపోయాక డబ్బా నింపి అటక మీద పెట్టడం మాత్రం లేదు. నూనె కొనే లెక్క కూడా నెలకోసారి రాస్తున్నాను. మనిషికి రోజుకు ముప్పై గ్రాములకు లోపు ఉండాలంటే నలుగురికి నెలకు మూడున్నర కిలోలు దాటకూడదు. మా ఇంటి నూనె చూసి కిరాణా ఆయన, అందరూ ఊళ్లోనే ఉన్నారా అని అడిగాడు.

ఒకటి మరిచిపోకు. మా అన్నకు షుగర్ గోలీలు ఉన్నాయి కదా, నేను చెప్పానని అతని తిండి వేళలు నువ్వే మార్చేయకు. గోలీ వేసుకుని తినడం ఆలస్యమైతే చక్కెర పడిపోయి కళ్లు తిరగొచ్చు, అదీ యంత్రాల మధ్య. షిఫ్టుల వారీగా ఎప్పుడు తింటాడో కాగితం మీద రాసి డాక్టరుకు చూపించు, గోలీ వేళ ఆయనే సరిచేస్తాడు. పీఎంఈ, అదే కంపెనీ వైద్య పరీక్ష, వచ్చేదాకా ఆగకు, ముందే మూడు నెలల షుగర్ పరీక్ష, బీపీ చూపించుకోమను. పీఎంఈలో ఏం రాస్తారో అని ఆఖరి వారం ఉపవాసాలు ఉండేవాళ్లను మనం చాలామందిని చూశాం.

పొడికి అనుకున్న డబ్బుతో ఒక జత బూట్లు కొనుక్కో. మీ క్వార్టర్లలో తెలుగు ఇళ్లు నాలుగైదు ఉన్నాయన్నావు, వాళ్లను సాయంత్రం పిలువు. పాట ఎత్తుకునేదానివి, పిలిస్తే రాని వాళ్లుంటారా? దాల్మాలో కందిపప్పే వేస్తారా, శనగపప్పు కూడానా, పక్కింటావిడను అడిగి రాయి.

నీ వదిన