వోల్టు ఒకచోట, ఆంపియరు ఒకచోట

మా నాన్న విజయనగరం వైపు నుంచి కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను పనికి వచ్చి జగదల్‌పూర్‌లోనే ఉండిపోయారు. మోటార్ల వైండింగు, ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, రేడియోలు బాగుచెయ్యడం ముప్పై ఐదేళ్లుగా నా పని. పొద్దున్న వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ రాత్రి షట్టరు దించేటప్పుడే చల్లారుతుంది.

ఈ పదేళ్లలో ఇంకోరకం గిరాకీ మొదలైంది. సుక్మా, కోంటా, బీజాపూర్, భోపాలపట్నం బస్సులు దిగి కుర్రాళ్లు సంచీలతో వస్తారు. పాడైన సీఎఫ్ఎల్ బల్బులోంచి తీసిన ఫెర్రైట్ రింగు, స్పీకర్ల వెనక అయస్కాంతాలు, పాత ఫ్యాను నుంచి విప్పిన రాగితీగ. ఫోన్లో వీడియో చూసి చేసిన సామాను. ఫ్రీ ఎనర్జీ అంటారు. పనికిరాదు పొమ్మని ఇప్పటిదాకా ఒక్కరినీ పంపలేదు. వాళ్ల ఊళ్ల సంగతి నాకు తెలుసు. వానల్లో లైను మీద కొమ్మ విరిగిపడితే రోజుల తరబడి చీకటే. అడవి లోపలి ఊళ్లు కొన్నిటికి సోలారు పెట్టే ప్రభుత్వ సంస్థ క్రెడా వాళ్లు బిగించిన ప్యానెళ్లే దిక్కు. అలాంటి చోటునుంచి వచ్చినవాడు ఊరికే దొరికే కరెంటు కోసం వెతక్క ఇంకెవరు వెతుకుతారు?

నేనూ వెతికాను. ఆకాశవాణి జగదల్‌పూర్ కేంద్రం 1977లో మొదలైంది. హైస్కూల్లో ఉండగా మా పెంకుటింటి మీంచి చింతచెట్టు దాకా తీగ కట్టి, చుట్టిన కాయిలు, ఓఏ79 జెర్మేనియం డయోడు, క్రిస్టల్ ఇయర్‌ఫోను తగిలించాను. సెల్లు లేదు, ప్లగ్గు లేదు. చెవిలో ఇక్కడి హల్బీ భాషలో పాట. ఆ రాత్రి నిద్రపట్టలేదు. షాపు పెట్టాక ఇంకా పెద్ద తీగ కట్టి, 756 కిలోహెర్ట్జ్‌కి కాయిలు సరిచేసి, అదే తీగమీద ఎర్ర ఎల్ఈడీ వెలిగించాను. గాలిలోంచి వెలుతురు! వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఒకరోజు స్టేషను ప్రసారం ఆగింది, నా ఎల్ఈడీ ఆరింది. ప్రసారం మొదలైంది, వెలిగింది. అక్కడ లక్ష వాట్ల ట్రాన్స్‌మిటరు పనిచేస్తుంటే అందులో రవ్వంత నా తీగకి తగులుతోంది, అంతే. అప్పటినుంచీ ఏ మిషను ముందు కూర్చున్నా, ఇది ఎక్కణ్నుంచి తెచ్చుకుంటోంది అన్నదే నా మొదటి ప్రశ్న.

ఓ ఎండాకాలం కోంటా నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పదో క్లాసు దాకా చదివాడు. సైకిలు హబ్బుకి బిగించిన ప్లైవుడ్ చక్రం, దాని అంచున ఆరు అయస్కాంతాలు, పక్కన కాయిలు, 2ఎన్3055 ట్రాన్సిస్టరు. కాయిలు చుట్టడం చూస్తే ముచ్చటేసింది, తీగ మీద తీగ ఎక్కలేదు. 12 వోల్టుల బ్యాటరీ తగిలించి చక్రాన్ని వేలితో తోస్తే గిర్రున అందుకుంది.

"బాబాయ్, ఆరు వాట్లు ఇస్తున్నా, ఇరవై ఏడు వస్తున్నాయి" అన్నాడు.

"ఎలా చూశావో నా ముందు మళ్లీ చూడు నాయనా."

పసుప్పచ్చ డీటీ830డీ మీటరు తీశాడు. అవుట్‌పుట్ తీగల మధ్య ఏ లోడూ లేకుండా వోల్టులు చూశాడు: 90. నాబు ఆంపియర్ల మీదికి తిప్పి, అవే తీగలకి నేరుగా పెట్టాడు: 0.3. రెండూ హెచ్చవేశాడు.

తప్పు అక్కడే ఉంది, ఎంతోమంది అక్కడే పడతారు. వోల్టులు చూసినప్పుడు కరెంటు పారడం లేదు. కరెంటు చూసినప్పుడు మీటరే తీగల్ని షార్టు చేసింది కాబట్టి వోల్టులు లేవు. ఒకేసారి లేని రెండింటిని కాగితం మీద కలిపితే వాట్లు పుడతాయి. నేను మొదట్లో ఇలాగే లెక్కకట్టి వారం రోజులు సంబరపడ్డాను. అందుకే ఆ అబ్బాయి మొహంలో వెలుగు చూసి గట్టిగా మాట్లాడలేకపోయాను.

ఒక ఓము రెసిస్టర్లు పది తీసి పక్కపక్కన ప్యారలల్‌లో కలిపి టంకం వేశాం. మొత్తం 0.1 ఓము. దాన్ని బ్యాటరీ తీగలో పెట్టి, మిషను వైపు 4700 మైక్రోఫారడ్ కెపాసిటరు కట్టాం. కరెంటు దెబ్బలు దెబ్బలుగా పోతుంటే ఈ మీటరు తడబడుతుంది, కెపాసిటరు ఆ కుదుపుని మింగుతుంది. 200 మిల్లీవోల్టుల రేంజిలో 48 నిలబడింది. అంటే 0.48 ఆంపియర్లు. బ్యాటరీ 12.1 వోల్టులు, లోపలికి వెళ్లేది 5.8 వాట్లు. అవుట్‌పుట్‌కి ఇంకో కెపాసిటరు, దానికి 47 ఓముల వైరువౌండ్ రెసిస్టరు. 11.5 వోల్టులు. వోల్టుల్ని వోల్టులతో హెచ్చవేసి 47తో భాగించమన్నాను. పెన్సిలు ఆగింది. 2.8 వాట్లు.

చాలాసేపు మాట్లాడలేదు. రెసిస్టరు మీద వేలు పెట్టి చూశాడు, చుర్రుమంది. మిగతా సగం ఎక్కడికి పోయిందన్నాడు. ట్రాన్సిస్టరు మీద చెయ్యి పెట్టించాను, అదీ వేడే. కాయిలూ వెచ్చగానే ఉంది. బేరింగు చప్పుడు వినమన్నాను.

భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలోనే పాదరసం పోసి దానంతటదే తిరిగే చక్రం గురించి రాశాడని చెప్పాను. అమెరికాలో జోసెఫ్ న్యూమన్ కూడా కాయిలు, అయస్కాంతం, బ్యాటరీలతోనే మిషను చేసి ఇచ్చినదానికంటే ఎక్కువ వస్తుందన్నాడని, 1986లో అక్కడి ప్రభుత్వ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ కొలిస్తే ఎప్పుడు చూసినా తక్కువే వచ్చిందని కూడా. అంత దూరం వెళ్లినవాళ్ల దారిలోనే నువ్వు నడిచావు, కొలత ఒక్కటే మిగిలిందన్నాను.

ఆ పది రెసిస్టర్ల ముక్క తనకివ్వమని అడిగాడు. ఇచ్చాను.

దసరా ముందు మళ్లీ వచ్చాడు. ఈసారి చక్రం తేలేదు, నోటుబుక్కు తెచ్చాడు. వాళ్ల ఊళ్లో సోలారు బ్యాటరీ రాత్రి ఎనిమిదింటికే చచ్చిపోతోందట. బ్యాటరీ పోయింది, కొత్తది కొనాలన్నారట అందరూ. ఇతను మిట్టమధ్యాహ్నం ప్యానెల్ దగ్గర ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి కొలిచాడు. పైన 14.7, కింద 12.9. రెసిస్టర్ల ముక్క మీద 400 మిల్లీవోల్టులు, అంటే 4 ఆంపియర్లు. ప్యానెల్ నుంచి గదిదాకా 20 మీటర్లు ఒకటిన్నర స్క్వేరు వైరు లాగారు. 1.8 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

"ఏడు వాట్లు బాబాయ్. నా చక్రం ఇచ్చినదానికి రెండింతలు పైనే, ఊరికే వైరు వేడెక్కడానికి పోతోంది."

ఆరు స్క్వేరు వైరు ఎంతవుతుందని అడిగాడు. పక్క హార్డ్‌వేర్ షాపుకి ఇద్దరం కలిసి వెళ్లాం.