డ్యూటీ చార్టు

31 జనవరి 2024, బుధవారం

ఎల్బీ స్టేడియంలో ఇవాళ 6,956 మంది స్టాఫ్ నర్సులకు ముఖ్యమంత్రి నియామక పత్రాలిచ్చారు. వాళ్లలో మా ఆసుపత్రివాళ్లే పదకొండు మంది. ఆ పిల్లల కోసం సంతోషపడుతూనే, రాత్రికి ఎవర్ని వెయ్యాలా అని చార్టు మూడుసార్లు చెరిపి రాశాను. సర్కారు నౌకరీకి పోయేవాళ్లను ఆపలేం, ఆపకూడదు కూడా. ఆర్నెల్లలో పక్క వీధి ఆసుపత్రికి వెళ్లిపోయిన తొమ్మిది మంది సంగతే నన్ను తొలుస్తోంది.

2 ఫిబ్రవరి, శుక్రవారం

మీటింగు. హెచ్‌ఆర్ అబ్బాయి నెలకో ఉత్తమ నర్సు, గోడమీద ఫొటో, కేకు అన్నాడు. ఎండీ గారు రెండేళ్ల బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మన దగ్గరే అన్నారు. నేను మొదట చేరిన చోట నా జీఎన్‌ఎం సర్టిఫికెట్ పద్నాలుగు నెలలు బీరువాలో పెట్టి తాళం వేశారు. అన్నాళ్లూ ఉన్నాను, నిజమే. చెప్పింది చెయ్యడం తప్ప పేషెంటు మొహంలోకి చూసింది లేదు. ఈ మాట పైకే అనేశాను.

జీతాల సంగతీ ఎత్తాను. సుప్రీంకోర్టు చెప్పాక 2016లో వేసిన కమిటీ, వంద పైన పడకలుంటే నర్సు జీతం సర్కారు జీతం కన్నా పది శాతానికి మించి తగ్గకూడదంది. మావి నూట ఇరవై. "అది సిఫార్సే కదమ్మా" అని నవ్వారు ఎండీ గారు. టీ వచ్చింది.

8 ఫిబ్రవరి, గురువారం

వెళ్లిపోయినవాళ్లలో నలుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు మర్యాదగా మాట దాటేశారు. నాలుగో పిల్ల దాచుకోలేదు. "రెండు వేలకే పోయాననుకున్నారా మేడమ్? మా అక్క పెళ్లికి ఆఫ్ ఇచ్చారు. ముందురోజు సాయంత్రం కొట్టేశారు. మండపానికి తలంబ్రాలు అయిపోయాక చేరాను."

పాత చార్టు తీసి చూశాను. ఆమె పేరు ఎదుట, ఆఫ్ అని రాసిన ఓ మీద ఎర్ర ఇంకుతో నైట్ ఎన్. అక్షరం నాదే.

ఒకరు పోతే ఆమె నైట్లు మిగిలినవాళ్ల నెత్తిన పడతాయి. ఆ బరువుకు ఇంకొకరు పోతారు. ఈ లెక్క నాకు తెలియనిదేం కాదు. పైగా పొద్దున ఎనిమిదింటికి నైట్ దిగి పడుకునే రోజునే వీక్లీ ఆఫ్ కింద రాయడం ఇన్నాళ్లుగా మా ఘనకార్యం.

12 ఫిబ్రవరి, సోమవారం

జీతం నా చేతిలో లేదు, చార్టు ఉంది. వరసగా ఆరు నైట్లు ఇక నాలుగే. నైట్ దిగిన రోజు వేరు, ఆఫ్ వేరు. చార్టు గోడకెక్కాక నాతో సహా ఎవరూ దిద్దకూడదు. ఎవరైనా రాకపోతే ఇన్‌ఛార్జీలో నేనో నిలబడాలి. ఇన్‌ఛార్జీల మొహాలు మాడాయి.

22 ఫిబ్రవరి, గురువారం

అనుకున్నంతా అయింది. ఐసీయూ నర్సుల్లో ఇద్దరికి జ్వరం. ములుగు పిల్ల మేడారంలో ఉంది. రెండేళ్లకోసారి వచ్చే జాతర, సమ్మక్క గద్దెకు వచ్చేది ఈ రాత్రే. "ఒక్క ఫోన్ కొట్టండి మేడమ్, పొద్దున్నకల్లా వచ్చేస్తుంది" అంది ఇన్‌ఛార్జి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్లీ పెట్టేసి, స్క్రబ్స్ వేసుకున్నాను.

వెంటిలేటర్ మీద ఇద్దరు. యాభై రెండేళ్ల మోకాళ్లతో రెండు గంటలకోసారి పేషెంట్‌ను పక్కకు తిప్పడమంటే ఏమిటో మరచిపోయాను. మూడింటికి సక్షన్ చేస్తుంటే చేయి వణికింది. కొత్తగా చేరిన పిల్ల గమనించి, ఏమీ అనకుండా ట్యూబు అందుకుంది.

26 ఫిబ్రవరి, సోమవారం

ములుగు పిల్ల వచ్చి టేబుల్ మీద కాగితంలో చుట్టిన బెల్లం ముక్క పెట్టింది, అమ్మవారి బంగారం. నిలబడే ఉంది. "ఏంటమ్మా?"

"జర్మన్ క్లాసులో చేరుతున్నా మేడమ్. సాయంత్రం ఆరింటికి. ఏడాది పడుతుందట. అన్నాళ్లూ మార్నింగే వేస్తే ఇక్కడే చేసుకుంటా."

ఏడాదంతా మార్నింగ్ ఎవరికీ ఇవ్వలేనన్నాను. క్లాసు లేని రోజులు ఏవో అడిగాను. శని, ఆదివారాలట. మార్చి చార్టు తీసి, ఆమె నైట్లు ఆ రెండు రోజుల్లోకి పెన్సిలుతో సర్దాను.